సూక్ష్మలోకం చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: ఊదా నిలుస్తుందా, వెలుస్తుందా?

ఇవాళ బ్యాక్టీరియాకి రెండు రంగులు వేసి, వేటిలో ఊదా నిలుస్తుందో, వేటిలో వెలుస్తుందో చూస్తాం. ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క సంగతి చూద్దాం. 20 నిమిషాలకోసారి రెండుగా చీలే బ్యాక్టీరియా ఒక్కటి రాత్రి 9 గంటలకి పాలల్లో పడింది. పొద్దున 7కి ఎన్నవుతాయి? 10 గంటలంటే 30 చీలికలు. ఒకటిని 30 సార్లు రెట్టింపు చేసుకుంటూ పోతే 107 కోట్ల 37 లక్షల పైచిలుకు. ఇక్కడిదాకా వచ్చినవాళ్లకి సగం మార్కులే. అసలు ప్రశ్న ఆ తర్వాతది: మరి అదే లెక్కన సాయంత్రానికి గిన్నె పొంగి వంటిల్లంతా బ్యాక్టీరియా ఎందుకు పారదు?

జవాబు పులుపు. తోడులోంచి వచ్చిన బ్యాక్టీరియా పాలలోని చక్కెరని, అంటే లాక్టోజ్‌ని తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. పులుపు కొలత అయిన పిహెచ్ (పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 4.6 చేరువకి దిగేసరికి పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు గడ్డకడుతుంది. మనం దాన్ని పెరుగు తోడుకుంది అంటాం. ఆమ్లం ఇంకా పెరిగితే దాన్ని వదిలిన బ్యాక్టీరియాకే ఊపిరాడదు. చీలడం ఆగుతుంది, కొన్ని చచ్చిపోతాయి కూడా. మూడు రోజుల పుల్ల పెరుగుతో తోడు పెడితే సరిగ్గా తోడుకోకపోవడం ఇందుకే. ఈ ముసలి కణాల సంగతి గుర్తుపెట్టుకోండి, ఇవాళ్టి పాఠంలో మనల్ని మోసం చేయబోయేవి అవే.

మూడో పాఠంలో మిథిలీన్ బ్లూ ఒక్కటే వేసి చూశాం. గుండ్రటివీ నీలమే, కడ్డీలూ నీలమే. ఆకారం తెలిసింది, అంతకుమించి ఏమీ తెలియలేదు. ఇవాళ రెండు రంగులు వేస్తాం. చూడబోయే స్లైడ్లు మూడు: మన పళ్ళ పాచి, పెరుగు మీది తేట, వేరుశనగ వేరుకి ఉండే బుడిపె. ఈ పద్ధతి పేరు గ్రామ్ స్టెయిన్. గ్రాము తూకానికీ దీనికీ సంబంధం లేదు. అది డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ పేరు.

1884లో గ్రామ్ బెర్లిన్‌లో ఉన్నాడు. న్యుమోనియాతో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల ముక్కల్లో బ్యాక్టీరియాని వెతకడం ఆయన పని. మామూలు రంగు వేస్తే మనిషి కణజాలమూ బ్యాక్టీరియా కలిసి ఒకే రంగుకి తిరిగేవి. చెట్ల మధ్య ఆకుపచ్చ పురుగుని వెతికినట్టుండేది. ఊదా రంగు వేసి, అయొడిన్ వేసి, ఆల్కహాల్‌తో కడిగితే కణజాలం రంగు వదిలేసింది, బ్యాక్టీరియా మాత్రం ఊదాగా మిగిలాయి. ఆయనకి కావలసింది అదే. కానీ కొన్ని రకాల బ్యాక్టీరియా కూడా కణజాలంతో పాటు రంగు వదిలేసుకున్నాయి. గ్రామ్ దాన్ని తన పద్ధతిలో లోపం అనుకున్నాడు, ఈ పద్ధతి గురించి రాసిన వ్యాసంలోనే ఆ మాట ఒప్పుకున్నాడు. ఇవాళ ప్రపంచంలో ప్రతి మైక్రోబయాలజీ ల్యాబ్‌లోనూ దీన్ని వాడేది ఆ లోపం కోసమే. వదిలేసినవాటికి గులాబి ఎరుపు పట్టించడం తర్వాత వచ్చినవాళ్ల చేర్పు.

సామాను చెప్తాను. ల్యాబ్ సామాను అమ్మే షాపులో గ్రామ్ స్టెయిన్ కిట్ అని అడిగితే నాలుగు సీసాలిస్తారు: క్రిస్టల్ వయొలెట్, గ్రామ్స్ అయొడిన్, రంగు తీసే ఆల్కహాల్, సాఫ్రనిన్ అనే గులాబి ఎరుపు రంగు. మొదటి సీసాలోని రంగు మీలో కొందరికి చిన్నప్పటి నేస్తమే. నోరు పూస్తే పూసే జి.వి. పెయింట్ గుర్తుందా, నాలుకంతా ఊదాగా చేసేది? అందులోని జెన్షన్ వయొలెట్ ఇదే. చేతులకి శానిటైజర్ ఉంది కదా, ఆల్కహాల్ బదులు అదే వాడదామనుకోకండి. అందులో నీళ్లు, జిగురు ఎక్కువ, కొలత తప్పిపోతుంది. ఇవి కాక స్లైడ్లు, పళ్ళు కుట్టుకునే పుల్లలు, స్పిరిట్ దీపం, వంద రెట్ల లెన్సు, దాని మీదకి ఇమ్మర్షన్ ఆయిల్ కావాలి. చేతులకి గ్లోవ్స్ వేసుకోండి. నేను మొదటిసారి వేసుకోలేదు. వేళ్లన్నీ ఊదా అయి, వారం రోజులు కనబడ్డ ప్రతివాడూ "ఏ ఎలక్షన్‌కి ఓటేశావోయ్?" అని అడిగాడు.

జబ్బు పడ్డవాళ్ల గళ్ళ, చీము, పుండు వంటివి ఈ పాఠానికి అసలు ముట్టుకోవద్దు. చూసిన స్లైడ్లని పని అయ్యాక బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లలో వేయండి.

మొదట పాచి స్లైడు. పొద్దున పళ్ళు తోముకోకముందు పుల్లతో చిగురు, పన్ను కలిసేచోట మెల్లగా గీకండి. అదే పుల్లని బుగ్గ లోపలివైపు కూడా రెండుసార్లు రాయండి, ఎందుకో తర్వాత చెప్తాను. స్లైడ్ మీద చిన్న నీటి బొట్టు, అందులో ఈ పాచి, పలచగా పావలా బిళ్లంత పరచండి. ఎంత పలచగా అంటే, ఆరాక స్లైడుని వార్తాపత్రిక మీద పెడితే కింద అక్షరాలు చదవగలగాలి. ఈ పనిలో నూటికి తొంభై తప్పులు దట్టంగా పూయడం వల్లే వస్తాయి. గాలికి ఆరనివ్వండి. తొందరపడి ఊదొద్దు, మీ నోట్లోవి ఇంకొన్ని వచ్చి పడతాయి. ఆరాక పూసిన వైపు పైకి పెట్టి దీపం మంట మీదుగా మూడుసార్లు చకచకా దాటించండి. ముంజేతికి తాకిస్తే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. దీంతో కణాలు చచ్చి గాజుకి అంటుకుంటాయి, కడిగినా పోవు.

ఇక్కడ ఆగి దీపం ఆర్పేయండి. మూత పెట్టి, మంట పోయిందని కళ్ళతో చూశాకే ఆల్కహాల్ సీసా తెరవాలి. ఇది మాత్రం నేను బతిమాలి చెప్తున్న మాట.

ఇప్పుడు క్రిస్టల్ వయొలెట్, ఒక నిమిషం. సన్నటి నీటిధారతో కడిగేయండి. అయొడిన్, ఒక నిమిషం. మళ్ళీ కడగండి. ఈ దశలో స్లైడ్ మీద ఉన్నవన్నీ ఊదాయే, మీ బుగ్గ కణాలతో సహా. ఇక స్లైడుని వాలుగా పట్టుకుని ఆల్కహాల్ చుక్క చుక్కగా పోయండి. ఊదా నీళ్లు కారుతుంటాయి. కారే చుక్క తేటగా మారిన క్షణం, అంటే 10 నుంచి 15 సెకన్లలో, ఆపి వెంటనే నీళ్లతో కడిగేయాలి. మిగిలింది సాఫ్రనిన్ ఒక నిమిషం, కడగడం, అద్దుడు కాగితంతో అద్దడం. రుద్దితే పెట్టిన కష్టమంతా కాగితానికి పోతుంది.

ఆ 10–15 సెకన్లే పాఠమంతా. తక్కువ కడిగితే అన్నీ ఊదా, ఎక్కువ కడిగితే అన్నీ గులాబి. కాలేజీ రోజుల్లో నేను పెరుగు స్లైడు చేసి, ఎవరో పిలిస్తే అటు తిరిగి మాట్లాడుతూ ఆల్కహాల్ పోస్తూనే ఉన్నాను. అంతా గులాబి. రికార్డులో "పెరుగు బ్యాక్టీరియా గ్రామ్ నెగటివ్", అంటే ఊదా వదిలేసే రకం, అని దర్జాగా రాసి సంతకానికి ఇచ్చాను. మా మేడమ్ చదివి, ఏమీ అనకుండా, పక్క బెంచీ అమ్మాయి స్లైడు తెచ్చి నా మైక్రోస్కోప్ కింద పెట్టింది. నిండా ఊదా గొలుసులు. అప్పట్నుంచి ఆల్కహాల్ పోసేటప్పుడు ఎవరు పిలిచినా పలకను.

మరి ఒకే ఆల్కహాల్‌కి ఒకటి రంగు వదిలి, ఇంకొకటి వదలకపోవడం ఏమిటి? బ్యాక్టీరియాకి కణం చుట్టూ పలచటి త్వచం, దాని బయట కణకవచం ఉంటాయి. ఈ కవచాన్ని గోడ అనే అందాం. గోడ అనగానే ఇటుకలూ సిమెంటూ అనుకుంటారు, కానీ ఇది నేత. చక్కెర అణువుల పొడుగాటి గొలుసులు పడుగు. వాటిని అడ్డంగా కలిపే చిన్న చిన్న అమైనో ఆమ్లాల తునకలు పేక. ఈ నేత పేరు పెప్టిడోగ్లైకాన్. కణమంతటినీ అతుకులేని ఒకే ఒక్క వల చుట్టినట్టు చుట్టుకుని ఉంటుంది. లోపల ఉప్పులు, చక్కెరలు చిక్కగా ఉండటంతో బయటి నీళ్లు లోపలికి తోసుకొస్తుంటాయి. మందపాటి గోడ ఉన్నవాటిలో ఆ ఒత్తిడి కారు టైరులో గాలికి కొన్ని రెట్లుంటుంది. వల చిరిగితే కణం పగిలిపోవడమే.

కొన్నింటికి ఈ నేత పొర మీద పొరగా 20 నుంచి 80 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) మందం ఉంటుంది, దుప్పటిలా. ఇవి గ్రామ్ పాజిటివ్. ఇంకొన్నింటికి కొన్ని నానోమీటర్లే, మల్లు గుడ్డలా. కానీ ఆ మల్లు గుడ్డ పైన వీటికి కొవ్వుతో చేసిన ఇంకో త్వచం అదనంగా ఉంటుంది. ఇవి గ్రామ్ నెగటివ్.

ఇప్పుడు పెడనలోనో శ్రీకాళహస్తిలోనో కలంకారీ వేసేవాళ్లని తలుచుకోండి. బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పటిక నీళ్లు అద్దినచోట ఎరుపు పట్టి నిలుస్తుంది, అద్దనిచోట ఉతుకులో వెలిసిపోతుంది. రంగుకి పటిక తోడు ఎలాగో, మన క్రిస్టల్ వయొలెట్‌కి అయొడిన్ తోడు అలాగ. అయితే చేసే పని వేరు. అయొడిన్ కణం లోపలికి వెళ్ళి ఊదా రంగుతో కలిసి పెద్ద ముద్దలు కడుతుంది. విడిగా దూరి వచ్చిన రంగు ముద్దయ్యాక అంత తేలిగ్గా బయటపడలేదు. అప్పుడు ఆల్కహాల్ వస్తుంది. దుప్పటిలాంటి గోడలోని నీటిని ఆల్కహాల్ లాగేయడంతో నేత బిగుసుకుని సందులు మూసుకుపోతాయి, ముద్దలు లోపలే చిక్కుకుంటాయి. మల్లు గుడ్డ గోడ మీదున్న కొవ్వు త్వచాన్ని మాత్రం ఆల్కహాల్ కరిగించేస్తుంది, పలచటి నేత ముద్దల్ని ఆపలేదు, రంగు కారిపోతుంది. ఖాళీ అయినదానికి సాఫ్రనిన్ గులాబి పట్టుకుంటుంది. అసలు సాఫ్రనిన్ రెండింటికీ పడుతుంది, ముదురు ఊదా మీద లేత గులాబి కనబడదంతే.

అందుకని "ఊదా బ్యాక్టీరియా, గులాబి బ్యాక్టీరియా" అనకండి. వాటికి ఆ రంగులు లేవు. గోడ పట్టిందా వదిలిందా, ఇంతే.

సరే, కన్ను పెట్టండి. పాచి స్లైడులో ముందు పది రెట్ల లెన్సుతో పెద్ద పెద్ద గులాబి పలకలు వెతకండి. అవి మీ బుగ్గ కణాలు, ఒక్కోటి 50–60 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మధ్యలో ముదురు చుక్క కేంద్రకం. వీటిని ఎందుకు కలపమన్నానంటే, ఇవే మీ పరీక్షకి సాక్షులు. మనిషి కణానికి గోడే లేదు, కాబట్టి అవి గులాబిగా రాకపోతే మీ ఆల్కహాల్ కడుగు చాలలేదని అర్థం. ఇప్పుడు నూనె చుక్క వేసి వంద రెట్ల లెన్సు దించండి, స్లైడు కింద వెలుతురుని కూర్చే కండెన్సర్‌ని పూర్తిగా పైకి ఎత్తి వెలుతురు బాగా రానివ్వండి. బుగ్గ కణం మీద, చుట్టూ, ఊదా పూసల గొలుసులు: స్ట్రెప్టోకాకస్. పక్కనే రెండు కొసలూ సన్నబడిన నూలు కదురు లాంటి గులాబి కడ్డీలుంటే అవి ఫ్యూసోబ్యాక్టీరియం. డెల్ఫ్ట్‌లో బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ 1683లో తన పళ్ళ పాచిలో చూసి రాసింది ఈ గుంపునే, రంగుల్లేకుండా, ఒంటి లెన్సుతో.

ఇక్కడ కాసేపు ఆగి ఒక్క చూపులోనే రెండు రకాల జీవుల్ని పోల్చండి. బుగ్గ కణంలో డిఎన్ఏకి కేంద్రకమనే గది ఉంది. దాని మీద కూర్చున్న బ్యాక్టీరియాలో ఆ గది లేదు. అందుకే కేంద్రకపూర్వ జీవి అన్నారు. డిఎన్ఏ మాత్రం ఉంది, సాధారణంగా కొసలు కలిసిన ఒక్క ఉంగరంగా, మధ్యలో ముడతలు పడి. మన పేగుల్లో ఉండే ఇ. కోలైలో ఆ పోగు 46 లక్షల అక్షరాలు, సాగదీస్తే మిల్లీమీటరున్నర. కణం పొడవేమో 2 మైక్రాన్లు. అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన సిరిసిల్ల నేతన్నలకి దండం పెట్టాల్సిందే, కానీ ఆ చీర పొడవు అగ్గిపెట్టెకి వంద రెట్లు. ఇది తన గదికి ఏడొందల రెట్లు.

పెరుగుకి వద్దాం. గట్టి పెరుగు పూయకండి. కేసీన్ అంతా గులాబి పట్టి మబ్బులా కమ్మేస్తుంది. మీగడ తీసిన పాలతో తోడు పెట్టి, పొద్దున పైన తేరిన తేటని నాలుగు రెట్లు నీళ్లతో పలచన చేసి ఒక చుక్క వాడండి. ఊదా పూసల జతలు, గొలుసులు, అక్కడక్కడ ఊదా కడ్డీలు కనబడాలి. లాక్టోకాకస్, స్ట్రెప్టోకాకస్, లాక్టోబాసిల్లస్ కుటుంబాలవి, ఏ ఇంటి తోడులో ఏవి ఎక్కువో ఆ ఇంటి గిన్నెకే తెలియాలి. రంగు పట్టని గుండ్రటి ఖాళీలు వెన్న బిందువులు. వీటిలో ఏ బ్యాక్టీరియాకీ లేనంత పెద్దగా, 5 మైక్రాన్లు దాటి, కోడిగుడ్డు ఆకారంలో ముదురు ఊదాగా ఏదన్నా కనబడితే అది ఈస్ట్. దానికి కేంద్రకముంది, బ్యాక్టీరియా కాదు. ఊదా రంగు ఉంది కదా అని దాన్ని ఈ లెక్కలో కలపొద్దు.

ఇప్పుడు అదే పెరుగుని మూడు రోజులు బయట ఉంచి మళ్ళీ చేయండి. అదే చేయి, అదే 12 సెకన్లు, అయినా ఊదా గొలుసు మధ్యలో గులాబి పూసలు కనబడతాయి. కొత్త రకం వచ్చి చేరలేదు. ముసలివైన, చచ్చిన కణాల గోడ నేత వదులవుతుంది, రంగుని ఆపలేదు. మొదట చెప్పిన మోసం ఇదే. అందుకే ల్యాబుల్లో 24 గంటల లోపు పెరిగినవాటినే ఈ పరీక్షకి తీసుకుంటారు.

మూడోది వేరు బుడిపె. వేరుశనగ మొక్క 40–50 రోజులది దొరికితే మట్టితో సహా నెమ్మదిగా పెకలించి నీళ్లలో ఆడించండి. కాలం కాకపోతే వరి కోసిన మాగాణిలో వేసిన మినుము, పెసర అయినా సరే. వేళ్లకి ఆవగింజంత బుడిపెలుంటాయి. ఒకటి కోస్తే లోపల లేత ఎరుపు ఉండాలి. ఆ ఎరుపు లెగ్‌హీమోగ్లోబిన్, మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కి చుట్టం. ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే బుడిపె పని అయిపోయింది, ఇంకోటి తీయండి. స్లైడ్ మీద నీటి చుక్కలో చిదిమి, తొక్క తీసేసి పలచగా పరచండి. నిండా గులాబి. ఇవి గాలిలోని నత్రజనిని మొక్కకి అందించే బ్రాడీరైజోబియం, గ్రామ్ నెగటివ్. ఒక చిత్రం చూడండి: మినుము, బొబ్బర బుడిపెల్లో ఇవి కడ్డీలుగా ఉంటాయి, వేరుశనగ బుడిపెలో ఉబ్బి గుండ్రటి బంతుల్లా మారతాయి. ఆకారం చూసి జాతి చెప్పేస్తానన్నవాళ్లకి ఇది మొట్టికాయ.

గ్రామ్ రంగు కూడా వంశవృక్షం చెప్పదు. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకి గోడే లేదు, అది గులాబిగా వస్తుంది, మన బుగ్గ కణం లాగే. క్షయ బ్యాక్టీరియాకి గోడ మీద మైనం పూతలాంటి కొవ్వు ఉండటంతో ఈ రంగులు సరిగ్గా దిగవు. అందుకే తెమడ పరీక్షలో వేడి చేసి వేరే ఎర్ర రంగు ఎక్కిస్తారు. గోబర్ గ్యాస్ తొట్టిలో మీథేన్ తయారుచేసేవాటిలో కొన్ని ఊదా, కొన్ని గులాబి. కానీ అవి అసలు బ్యాక్టీరియానే కావు. వాటికీ కేంద్రకం లేకపోయినా పెప్టిడోగ్లైకాన్ కూడా లేదు. కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ 1977లో రైబోజోముల, అంటే కణంలో మాంసకృత్తులు తయారయ్యే మగ్గాల, ఆర్ఎన్ఏ పోల్చి అవి వేరే వంశమని తేల్చారు. ఇప్పుడు వాటిని ఆర్కియా అంటున్నారు.

డాక్టర్లకి మాత్రం ఈ రెండు రంగులు పది నిమిషాల్లో అందే కబురు. పెన్సిలిన్ చేసేది పేకని కలిపే చేతిని పట్టుకోవడం. కణం పెరుగుతూ కొత్త గోడ నేయబోతే ముడి పడదు, ఒత్తిడికి పగులుతుంది. మన కణాలకి గోడ లేదు, కాబట్టి వాటికి ఆ బెంగ లేదు. గ్రామ్ నెగటివ్‌లలో చాలావాటికి బయటి కొవ్వు త్వచమే అడ్డం, మామూలు పెన్సిలిన్ లోపలికి చేరడమే కష్టం. గోడ జోలికి పోకుండా రైబోజోముల్ని, ఆ మగ్గాల్ని, ఆపే మందులు వేరే ఉన్నాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధన విభాగాన్ని నడిపించిన రోజుల్లో, అక్కడ బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ అలాంటిది. 1948లో బయటికొచ్చింది, టెట్రాసైక్లిన్‌లలో మొదటిది. ఊదా, గులాబి రెండింటిలోనూ చాలా రకాల మీద పనిచేసింది. దాన్ని తయారుచేసేది కూడా మట్టిలో బతికే ఒక బ్యాక్టీరియానే, స్ట్రెప్టోమైసిస్. గ్రామ్ స్టెయిన్ వేస్తే ఊదా.

ఇంటిపని. పెరుగు తేట, బుడిపె రసం ఒకే స్లైడ్ మీద పక్కపక్కన రెండు బొట్లుగా పూసి ఒకేసారి రంగు వేయండి. ఒకటి ఊదా, ఒకటి గులాబి వచ్చేదాకా ఆల్కహాల్ సెకన్లు మార్చి చూడండి, మీ చేతికి ఎన్ని సెకన్లు కుదిరాయో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒక ప్రశ్న కూడా: అయొడిన్ వేయడం మర్చిపోయి మిగతావన్నీ సరిగ్గా చేస్తే పెరుగు ఏ రంగులో వస్తుంది? చేయకముందు జవాబు రాసి, తర్వాత చేసి చూడండి.

అయిదో పాఠానికి రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి రెండు గరిటెలు, గుంట ఉన్న స్లైడు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. అప్పుడు రంగులుండవు, బతికున్నవాటినే చూస్తాం.